నరముల నొప్పి: కంటికి కనిపించని బాధ

రాత్రి పది గంటలు దాటినది. ఇంటిలో అందరును నిద్రించుచున్నారు. ఇంటి పెద్ద ఒక్కడు మాత్రము మంచము దిగి, చల్లని గచ్చు మీద అరికాళ్లు ఆనించి కూర్చున్నాడు. పాదములు నిప్పుల మీద పెట్టినట్లు మండుచున్నవి. దుప్పటి అంచు తగిలినను ఓర్చుకొనలేడు. దీపము వెలిగించి చూచినచో పాదము మీద పుండు లేదు, వాపు లేదు, ఎరుపు లేదు. తెల్లవారిన తరువాత చెప్పుకొన్నచో, "కాలికి ఏమియు కాలేదే! వయస్సు మీద పడినది, అంతే" అని ఇంటివారు అందురు. అంగడిలో దొరకు నొప్పి మాత్రలు మ్రింగి చూచును, గుణము కనిపించదు. కొంత కాలమునకు తన బాధను ఎవరును నమ్ముట లేదని గ్రహించి, చెప్పుకొనుటయే మానివేయును.

ఇట్టి పెద్దలు మన వీధికి ఒక్కరైనను ఉందురు. వారి బాధ కల్పితము కాదు. వయస్సుతో పాటు తప్పక వచ్చునదియు కాదు. దానికి పేరు ఉన్నది, కారణము ఉన్నది, పరీక్ష ఉన్నది, చికిత్స ఉన్నది. దానినే నరముల నొప్పి అందురు. మామూలు నొప్పికిని దీనికిని భేదమేమి, ఇది ఎంతమందిని బాధించుచున్నది, వైద్యులు దీనికి ఏమి చేయుదురు అను విషయములను ఈ ప్రసంగములో తెలిసికొందము.

కత్తిపీట తగిలి వేలు తెగినది అనుకొందము. చర్మములోని సన్నని నరముల కొనలు ఆ గాయమును పసికట్టి, వార్తను వెన్నుపాము ద్వారా మెదడునకు పంపును. మనకు నొప్పి తెలియును. వెంటనే చేయి వెనుకకు తీసికొందుము. గాయము మానగానే నొప్పియు పోవును. ఇది మేలు చేయు నొప్పి. దొంగ వచ్చినప్పుడు కేక వేయు కావలివాని వంటిది.

నరముల నొప్పి ఇట్టిది కాదు. ఇందులో చర్మము తెగలేదు, ఎముక విరుగలేదు. వార్తను మోయవలసిన నరమే చెడినది. మీ ఇంటి రేడియోను తలచుకొనుడు. ఏ కేంద్రమును ప్రసారము చేయని వేళ, లోపల ఒక అతుకు వదులైనప్పుడు, పెట్టె నుండి గరగరమను ధ్వని వచ్చుచుండును. ఆ ధ్వని నిజమైనదే. దానివలన చెవి నొచ్చుటయు నిజమే. కాని అక్కడ పాడువారు గాని మాటలాడువారు గాని ఎవరును లేరు. చెడిన అతుకే ధ్వనిని పుట్టించుచున్నది. చెడిన నరము కూడ అట్లే, ఏ గాయమును లేకయే, గాయము కలిగినదను వార్తను రాత్రింబవళ్లు మెదడునకు పంపుచుండును. స్పర్శను, నొప్పిని మోయు నాడీమండలమునకే దెబ్బ గాని వ్యాధి గాని కలిగినందువలన పుట్టు నొప్పి నరముల నొప్పి అని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము 2011 లో నిర్వచించినది.

ఈ బాధను గూర్చిన తొలి శ్రద్ధగల పరిశీలనలలో ఒకటి యుద్ధకాలమున జరిగినది. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో తుపాకి గుండ్లు తగిలి నరములు చెడిన సైనికులను ఫిలడెల్ఫియా నగరములోని ఒక ఆసుపత్రిలో చేర్చిరి. సైలస్ వెయిర్ మిచెల్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి వారిని పరిశీలించి, 1864 లో ఒక గ్రంథమును ప్రకటించెను. గాయములు మానిన తరువాత కూడ ఆ సైనికులలో కొందరికి చేతులు, పాదములు భరింపరానంతగా మండుచుండెడివి. వారు చేతికి ఎల్లప్పుడు తడిగుడ్డ చుట్టుకొనెడివారు. బూట్లలో నీళ్లు పోసికొని నడచెడివారు. ప్రక్కన ఎవరైనను కాగితము గలగలలాడించినను విలవిలలాడెడివారు. తుపాకి గుండునకు జంకని యోధులు కాగితపు చప్పుడునకు కంటనీరు పెట్టుకొన్నప్పుడు, వారిని పిరికివారని అనగలవారు ఎవరు? కంటికి కనిపించనంత మాత్రమున బాధ లేదనరాదను పాఠమును వైద్యలోకము ఆ పడకల ప్రక్కన నేర్చుకొన్నది.

నరము చెడినప్పుడు లోపల ఏమి జరుగును? మన నరములలో వేలకొలది తంతువులు ఉన్నవి. వానిలో లావైనవి స్పర్శను మోయును. వానికి కొవ్వుతో కూడిన తొడుగు ఉండుటచే వార్త సెకనునకు 50 మీటర్లకు మించిన వేగముతో పోగలదు. నొప్పిని, వేడిని మోయు అతి సన్నని తంతువులకు ఆ తొడుగు లేదు. వానిలో వార్త సెకనునకు ఒక మీటరు ప్రాంతముననే నడచును. కాలివ్రేలు గడపకు తగిలినప్పుడు ముందు దెబ్బ మాత్రము తెలిసి, ఒక క్షణము ఆగి అసలు నొప్పి పొంగి వచ్చుట మనకందరికిని అనుభవమే. తంతువుల ఈ వేగభేదములను కనుగొన్నందుకు జోసెఫ్ ఎర్లాంగర్, హెర్బర్ట్ గాసర్ అను శాస్త్రజ్ఞులకు 1944 లో నోబెల్ బహుమానము లభించినది.

దెబ్బతిన్న తంతువు తనంతట తానే విద్యుత్తరంగములను పుట్టించుట మొదలుపెట్టును. ఈ వార్తలు ఎడతెగక చేరుచుండుటచే వెన్నుపాములోని నరకణములు కూడ రేగిపోవును. అప్పుడు మెత్తని స్పర్శ సైతము అక్కడ నొప్పిగా మారును. దుప్పటి అంచు తగిలినను ఓర్చుకొనలేకపోవుటకు కారణము ఇదియే.

అయితే వెన్నుపాములో నొప్పికి అడ్డువేయు ఏర్పాటు కూడ ఉన్నది. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను శాస్త్రజ్ఞులు 1965 లో దానిని ద్వారముతో పోల్చిరి. స్పర్శ వార్తలు అధికముగా వచ్చినప్పుడు ఆ ద్వారము కొంత మూసికొనును. దెబ్బ తగిలిన చోట తల్లి చేతితో రుద్దినచో బిడ్డ ఏడుపు తగ్గుటలోని రహస్యము ఇదియే. మెదడు నుండి క్రిందికి దిగు నరమార్గములు కూడ ఈ ద్వారమును మూయగలవు. ఈ విషయమును గుర్తుంచుకొనుడు. చికిత్సను గూర్చి చెప్పునప్పుడు మరల అవసరమగును.

ఇక ఈ నొప్పి ఎంతమందికి ఉన్నది? వివిధ దేశములలో జరిగిన జనపరీక్షలను 2014 లో కలిపి చూచినవారు, జనాభాలో నూటికి 7 నుండి 10 మంది వరకు నరముల నొప్పి లక్షణములతో బాధపడుచున్నారని అంచనా వేసిరి. ఆ లెక్కను పట్టినచో వేయిమంది ఉన్న గ్రామములో డెబ్బది నుండి నూరు మంది అగుదురు. పురుషులలో కంటె స్త్రీలలోను, ఏబది ఏండ్లు దాటినవారిలోను ఇది అధికము.

కారణములలో మన దేశమునకు మొదట చెప్పవలసినది మధుమేహము. భారత వైద్య పరిశోధన మండలి సహాయముతో జరిగి, 2023 లో ప్రకటింపబడిన దేశవ్యాప్త అధ్యయనము ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఈ వ్యాధి గలవారిలో సుమారు సగము మందికి ఎప్పుడో ఒకప్పుడు నరములు చెడును. శరీరములో అన్నిటికంటె పొడవైన నరములు పాదములకు పోవునవి. కావున చేటు మొదట కాలివ్రేళ్లలో కనిపించి, మేజోడు తొడిగినట్లు క్రమముగా పైకి ప్రాకును. కొందరికి మంట, కొందరికి తిమ్మిరి, కొందరికి స్పర్శయే లేని మొద్దుదనము కలుగును.

రెండవది అక్కి. చిన్ననాడు ఆటలమ్మ సోకినవారిలో ఆ వ్యాధి క్రిమి చావక, వెన్నెముక ప్రక్కనున్న నరముల మొదళ్లలో దాగియుండును. వయస్సు పైబడినప్పుడో, శరీరశక్తి సన్నగిలినప్పుడో అది మేల్కొని ఒక నరము వెంట బయలుదేరును. నడుమునకో, రొమ్మునకో, ముఖమునకో ఒక ప్రక్కనే పట్టీవలె పొక్కులు లేచును. రెండు మూడు వారములలో పొక్కులు ఎండిపోవును. కాని నూటికి పది మందికి పైగా నొప్పి మాత్రము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి నిలిచిపోవును. రవిక, చొక్కా తగిలినను అక్కడ భగ్గుమనును.

మూడవది ముఖములోని నరమునకు సంబంధించినది. పండ్లు తోముకొనునప్పుడో, ముఖము కడుగుకొనునప్పుడో, చల్లగాలి తగిలినప్పుడో బుగ్గలో మెరుపు మెరసినట్లు నొప్పి క్షణకాలము కొట్టి పోవును. పంటి నొప్పి అని భ్రమించి, మంచి పండ్లను ఒకదాని తరువాత ఒకటి తీయించుకొన్న రోగులు పెక్కుమంది కలరు. పండ్లు పోవును గాని నొప్పి పోదు.

ఇవి గాక, వెన్నుపూసల మధ్యనున్న మెత్త జారి నరమును నొక్కుటచే పిరుదు నుండి పిక్కల వరకు జివ్వున లాగు సయాటికా, మణికట్టు వద్ద నరము నలిగి, రాత్రివేళ చేతివ్రేళ్లు తిమ్మిరియెక్కి నిద్ర లేపు జబ్బు, కుష్ఠువ్యాధి, అతిగా మద్యము త్రాగుట, బి12 విటమిను లోపము, క్యాన్సరునకు వాడు కొన్ని మందులు, పక్షవాతము, ఇవన్నియు నరముల నొప్పికి కారణములు కాగలవు. కాలు తీసివేసిన తరువాత, లేని కాలిలో నొప్పి కలుగుటయు ఈ కోవలోనిదే.

వైద్యుడు ఈ నొప్పిని గుర్తించుటకు యంత్రముల కంటె ముందు రోగి మాటలు కావలెను. "నొప్పిగా ఉన్నది" అని ఊరకొన్నచో చాలదు. అది మంటయా, సూదులతో గ్రుచ్చినట్లున్నదా, కరెంటు కొట్టినట్లున్నదా, చీమలు ప్రాకినట్లున్నదా, మంచు తగిలినట్లు చల్లగా ఉండి బాధించుచున్నదా అని వివరముగా చెప్పవలెను. ఏ వేళ హెచ్చును, ఎక్కడ మొదలై ఎక్కడికి పోవును, బట్ట తగిలినచో ఎట్లుండును అనునవి కూడ ముఖ్యము. ఫ్రాన్సు దేశపు వైద్యులు 2005 లో ప్రకటించిన పది అంశముల పరీక్షలో ఏడు అంశములు రోగి చెప్పు మాటలే. మిగిలిన మూడును మెత్తని స్పర్శ, సూదిమొన, కుంచె కొన తగిలించి చూచునవి. పదింటిలో నాలుగు ఉన్నచో అది నరముల నొప్పి కావచ్చునని అనుమానింతురు.

తరువాత వైద్యుడు అరికాలికి ఒక సన్నని నైలాను పోగును వంగునంతవరకు ఆనించి, తెలియుచున్నదా అని అడుగును. అది 10 గ్రాముల బరువుతో వంగునట్లు చేయబడినది. అది తెలియని పాదము ప్రమాదములో ఉన్న పాదము. కాలి బొటనవ్రేలి మీద శ్రుతిదండమును ఆనించి దాని కంపనము తెలియునేమో చూచును. రక్తములో చక్కెర, బి12, థైరాయిడ్, మూత్రపిండముల స్థితి పరీక్ష చేయించును. అవసరమైనచో నరములలో విద్యుద్వేగమును కొలిపించును. ఇచ్చట ఒక హెచ్చరిక: ఆ యంత్రము లావైన తంతువులనే కొలువగలదు. నొప్పిని మోయు సన్నని తంతువులు మాత్రమే చెడినప్పుడు ఆ పరీక్ష సరిగానే ఉన్నట్లు చూపును. కావున "యంత్రములో ఏమియు లేదు, కనుక నీకు జబ్బే లేదు" అనుట న్యాయము కాదు.

చికిత్సకు రెండు ముఖములు. ఒకటి కారణమును అరికట్టుట, రెండవది నొప్పిని తగ్గించుట.

మధుమేహము కారణమైనచో చక్కెరను అదుపులో ఉంచుట మొదటి పని. ఇన్సులిను మీద ఆధారపడిన మొదటి రకపు మధుమేహ రోగులపై అమెరికాలో జరిగి, 1993 లో వెల్లడియైన పెద్ద పరిశోధనలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో నరముల చేటు సుమారు నూటికి అరువది వంతులు తగ్గినది. పెద్ద వయస్సున వచ్చు రెండవ రకములో ఈ లాభము అంత అధికము కాకపోయినను, అదుపు విడుచుట మాత్రము ప్రమాదకరము.

బి12 లోపమును గూర్చి చెప్పునప్పుడు మన తెలుగువాని కథ ఒకటి జ్ఞాపకమునకు వచ్చును. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది. దానితో కొన్ని విధముల రక్తహీనత చక్కగా కుదిరినది. కాని బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లము ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తము బాగుపడినను నరములు చెడుట ఆగలేదని వైద్యులు కొద్ది కాలముననే గమనించిరి. నరములకు కావలసిన బి12 ను 1948 లో వేరుచేసిరి. ఈ విటమిను పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలోనే సహజముగా లభించును. కేవల శాకాహారులకు, వృద్ధులకు, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలకాలము వాడువారికి లోపము కలుగవచ్చును. లోపమున్నట్లు తేలినచో సూదిమందో మాత్రలో ఇత్తురు. అంతేగాని "నరముల బలహీనత" అను పేరుతో లోపము లేనివారు కూడ విటమిను మాత్రలు నెలల తరబడి మ్రింగుట మేలు కాదు. బి6 విటమినును అధిక మోతాదులలో వాడినచో అదియే నరములను చెరచునని 1983 లోనే వైద్యులు వెల్లడించిరి.

ఇక నొప్పిని తగ్గించు మందులు. తలనొప్పికి, కీళ్లనొప్పికి పనిచేయు మామూలు మాత్రలు గాయమైన చోట పుట్టు వాపును తగ్గించును. నరముల నొప్పిలో అట్టి వాపు లేదు గనుక ఆ మాత్రలు దాదాపుగా పనిచేయవు. పైగా మధుమేహ రోగులు వానిని విడువక వాడినచో మూత్రపిండములు చెడిపోవు భయము కలదు. ఇచ్చట కావలసినవి గరగరమను నరమును శాంతింపజేయు మందులు.

వానిలో కొన్ని మూర్ఛరోగమునకు వాడునవి. ముఖ నరపు నొప్పికి కార్బమజిపిన్ అను మూర్ఛ మందు పనిచేయునని స్వీడను దేశపు వైద్యుడు బ్లూమ్ 1962 లో ప్రకటించెను. నేటికిని ఆ నొప్పికి అది ముఖ్యమైన మందు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ అనునవి తరువాతి కాలమున వచ్చిన మూర్ఛ మందులు. మధుమేహపు మంటకు, అక్కి నొప్పికి వీనిని వాడుదురు. మరి కొన్ని మనోవ్యాకులతకు వాడు మందులు: అమిట్రిప్టిలీన్, డ్యూలాక్సెటీన్ మొదలగునవి. మెదడు నుండి దిగి వచ్చి నొప్పి ద్వారమును మూయు మార్గములను గూర్చి ఇంతకుముందు చెప్పితిమి గదా. ఈ మందులు ఆ మార్గములకు బలము కూర్చును.

ఇచ్చటనే పెక్కు ఇండ్లలో చికిత్స భగ్నమగుచున్నది. రోగి గాని, రోగి కుమారుడు గాని మందు పెట్టెలోని కాగితము చదివి, "ఇది మూర్ఛకు, ఇది మనోవ్యాధికి, వైద్యుడు నన్ను పిచ్చివానిగా తలంచినాడు" అని మాత్రలు మానివేయుదురు. అది పొరపాటు. మనోవ్యాకులత ఏ మాత్రమును లేని మధుమేహ రోగులలో కూడ అమిట్రిప్టిలీన్ నొప్పిని తగ్గించినదని 1987 లోనే అమెరికా పరిశోధకులు చూపిరి. నొప్పికి ఇచ్చు మోతాదు సాధారణముగా చాల తక్కువ. మందు పేరును కాదు, అది చేయు పనిని చూడవలెను.

ఈ మందులు ఎంతవరకు పనిచేయును? నిజము చెప్పుట మంచిది. అనేక పరిశోధనలను కలిపి 2015 లో ప్రకటించిన లెక్క ప్రకారము, అమిట్రిప్టిలీన్ వర్గపు మందు వాడిన సుమారు నలుగురిలో ఒకరికి, మిగిలిన వర్గములు వాడిన ఆరు నుండి ఎనిమిది మందిలో ఒకరికి, మందు లేని మాత్ర ఇచ్చినప్పటి కంటె అదనముగా నొప్పి సగమునకు తగ్గినది. ఒక్క మందే అందరికి సరిపడదని దీని భావము. ఇంగ్లండులో 130 మంది మధుమేహ రోగులపై జరిగి, 2022 లో వెల్లడియైన పరిశోధన మరింత ధైర్యమునిచ్చును. అమిట్రిప్టిలీన్, డ్యూలాక్సెటీన్, ప్రెగాబాలిన్ మూడింటిలో దేనితో మొదలుపెట్టినను, చాలనప్పుడు రెండవదానిని జోడించినను, ఫలితము దాదాపు సమానము. పదింటికి సగటున 6.6 ఉన్న నొప్పి 3.3 కు దిగినది. పూర్తిగా పోలేదు, కాని సగమైనది. రాత్రి నిద్ర పట్టనివానికి అది చిన్న లాభము కాదు.

ఈ మందులను కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదురు. గుణము తెలియుటకు కొన్ని వారములు పట్టును. రెండు రోజులలో నిరాశ చెందరాదు. మొదట మగత, తల తిరుగుట, నోరు ఎండుట, మలబద్ధము ఉండవచ్చును. వృద్ధులు రాత్రివేళ లేచునప్పుడు పడిపోకుండ జాగ్రత్తపడవలెను. గుండెజబ్బు, మూత్రము కట్టుట, మూత్రపిండముల జబ్బు, కంటిలో ఒత్తిడి ఉన్నవారు ఆ సంగతి వైద్యునకు ముందుగానే చెప్పవలెను. కార్బమజిపిన్ మొదలుపెట్టిన తరువాత ఒంటి మీద దద్దుర్లు వచ్చినచో వెంటనే వైద్యుని చూడవలెను. ఏ మందునైనను తమంతట తాము ఒక్కసారిగా ఆపరాదు.

చర్మము మీద అంటించు మత్తుమందు పట్టీలు కూడ ఉన్నవి. మన మిరపకాయకు ఘాటునిచ్చు కాప్సైసిన్ అను సారముతో చేసిన పట్టీలను, లేపనములను కూడ వాడుదురు. కారము తగిలినప్పుడు నరముకొనలలో మేల్కొను గ్రాహకమును కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021 లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆ సారము ఎక్కువ మోతాదులో తగిలినచో నరముకొనలు అలసి ఊరకుండును. అట్లని ఇంటిలోని మిరపపొడిని పూయుట మాత్రము తగదు. నల్లమందు జాతి మందులు అలవాటుగా మారును గనుక వైద్యులు వానిని చివరకు మాత్రమే, జాగ్రత్తతో వాడుదురు. ముఖ నరపు నొప్పిలో తరచుగా ఒక రక్తనాళము నరమును ఒత్తుచుండును. మందులు చాలనప్పుడు దానిని తొలగించు శస్త్రచికిత్స కలదు. సయాటికాలో మాత్రము చాలమందికి కొన్ని వారములలోనో నెలలలోనో శస్త్రచికిత్స లేకయే తగ్గును. అయితే నడుము నొప్పితో పాటు మూత్రము బిగియుట, మర్మస్థానమున స్పర్శ పోవుట, పాదము జారిపోవుట కలిగినచో అది ఒక్క రోజైనను ఆలస్యము చేయరానిది. ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను.

ఇంతవరకు నొప్పిని గూర్చి చెప్పితిమి. కాని నొప్పి కంటె ప్రమాదకరమైనది ఒకటి కలదు. అది నొప్పి లేకపోవుట. 1946 లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల చేతులను, పాదములను పరిశీలించెను. వ్యాధియే మాంసమును తినివేయుచున్నదని అంతకు పూర్వము తలచెడివారు. అట్లు కాదని ఆయన చూపెను. నరములు చెడి స్పర్శ పోయినందువలన రోగి వేడిపాత్రను పట్టుకొనును, మేకు గ్రుచ్చుకొన్న పాదముతోనే నడచును, నిద్రలో ఎలుక కొరికినను లేవడు. తెలియక తగిలిన దెబ్బలే అవయవములను హరించుచున్నవి. కావలివాడు లేని ఇంటిని దొంగలు దోచినట్లు!

మధుమేహ రోగి పాదమునకును ఇదియే గతి. మంట తగ్గినదని సంతోషించువారిలో కొందరికి నిజముగా తగ్గినది నొప్పి కాదు, స్పర్శ. అందుచేత ఇంటివారు ఈ క్రింది నియమములను పాటింపజేయవలెను. ప్రతి రాత్రియు అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూడవలెను. వంగలేనివారు అద్దము క్రింద పెట్టి చూచుకొనవచ్చును, లేదా కోడలో మనుమడో చూడవచ్చును. చెప్పు తొడుగుకొనుటకు ముందు లోపల రాయి, ముల్లు లేదని చేతితో తడిమి చూడవలెను. తిమ్మిరి పోవుటకని వేడినీళ్లలో కాళ్లు పెట్టరాదు. నీటి వేడిని ఇతరులచేత పరీక్షింపజేయవలెను. మండుటెండలో గుడి చుట్టు వట్టికాళ్లతో ప్రదక్షిణము చేయరాదు. భగవంతుడు ఉదయపు చల్లదనమున చేసిన ప్రదక్షిణమును కూడ స్వీకరించును. ఆనెలను బ్లేడుతో కోసికొనరాదు. ఎం.సి.ఆర్. అని పిలువబడు మెత్తని రబ్బరు చెప్పులు పాదముల మీది ఒత్తిడిని తగ్గించును. చిన్న పుండైనను ఆ రోజే చూపించుకొనవలెను.

అక్కి విషయములో మరియొక మాట. పొక్కులు లేవగానే ఎర్రమట్టితో అక్కి వ్రాయించుకొను ఆచారము మన ఊళ్లలో ఉన్నది. పొక్కులు ఎట్లును కొన్ని వారములలో ఎండును గనుక ఆ యశస్సు మట్టికి దక్కును. కాని మూడు రోజులలోపుననే వైద్యుని చూచినచో క్రిమిని అణచు మందులు ఇచ్చి తీవ్రతను తగ్గించును. కంటి దగ్గర లేచినచో అసలు ఆలస్యము చేయరాదు. ఏబది ఏండ్లు దాటినవారికి అక్కి రాకుండ చేయు టీకా కూడ ఉన్నది. 2017 లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త టీకా 2023 నుండి మన దేశములోను లభించుచున్నది. ధర అధికమైనను, వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవచ్చును.

మరల ఆ ఇంటి పెద్ద కడకు పోదము. ఆయన ఇంకను చల్లని గచ్చు మీద కాళ్లు ఆనించి కూర్చుండియే ఉన్నాడు. ఆయన వ్యాధికి చికిత్స వైద్యుని వద్ద ఉన్నది. కాని ఆయన వైద్యుని కడకు పోవుటకు ముందు ఇంటిలో ఒకరు ఆయన మాట నమ్మవలెను. "ఏమియు కాలేదే" అనుటకు మారుగా, "మంటయా, తిమ్మిరియా, ఎప్పటి నుండి?" అని అడుగవలెను. రేపు వైద్యుడు అడుగబోవు ప్రశ్నయు అదియే.